వుషింగ్: చైనా వైద్యంలో అయిదు దశల సిద్ధాంతం

కొయ్య, నిప్పు, మన్ను, లోహం, నీరు అనే అయిదు పేర్లతో ప్రకృతిలోని మార్పులనూ, శరీరంలోని అవయవాల పరస్పర సంబంధాలనూ వివరించే సిద్ధాంతం వుషింగ్. యిన్–యాంగ్ అనే పరస్పర పూరక జంట భావనతో పాటు చైనా సంప్రదాయ వైద్యానికి ఇదే పునాది. కాలేయానికి జబ్బు చేస్తే రేపు అది ఏ అవయవానికి పాకుతుంది, ఏ రుతువులో ముదురుతుంది, ఏ రుచి పడుతుంది, ఏ బిందువులో సూది గుచ్చాలి అన్న ప్రశ్నలన్నిటికీ ఆ వైద్యం ఈ ఒక్క అల్లికలోంచే సమాధానం వెతుకుతుంది.

మనకు వెంటనే పంచభూతాలు గుర్తుకొస్తాయి. సంఖ్య ఒకటే. నిప్పు, నీరు, మన్ను రెండు చోట్లా ఉన్నాయి. అయితే పంచభూతాలు వస్తువు దేనితో తయారైందో చెబుతాయి. వుషింగ్ అది ఎటు కదులుతోందో చెబుతుంది. మొలకెత్తి పైకి సాగే ఊపు కొయ్య. పరాకాష్ఠకు చేరి వెలుగు చిమ్మేది నిప్పు. పండి నిలకడపడడం మన్ను. ముడుచుకుని గట్టిపడడం లోహం. కిందికి దిగి దాగి ఉండడం నీరు. అందుకే వీటిని మూలకాలు అనడం కన్నా దశలు అనడం మేలు.

పుట్టుక

ఈ అయిదింటినీ ఒక వరుసలో చెప్పిన పాత పాఠాల్లో ప్రసిద్ధమైనది ‘షూజింగ్’ అనే ప్రాచీన గ్రంథంలోని ‘హోంగ్‌ఫాన్’ అధ్యాయం. నీరు తడుపుతూ కిందికి పోతుందనీ, నిప్పు మండుతూ పైకి లేస్తుందనీ, కొయ్య వంగుతుంది, నిటారవుతుందనీ, లోహం పోసిన రూపానికి లొంగుతుందనీ, మన్ను విత్తనాన్ని అందుకుని పంటనిస్తుందనీ అక్కడ ఉంది. ఒక్కోదానికి ఒక్కో రుచినీ జోడించారు. కొయ్యకు పులుపు, నిప్పుకు చేదు, మన్నుకు తీపి, లోహానికి కారం, నీటికి ఉప్పు. మన షడ్రుచుల్లో వగరు ఒక్కటే ఇందులో లేదు. వైద్యం ఊసు ఆ అధ్యాయంలో ఎక్కడా రాదు. అది పాలనాశాస్త్రం.

సిద్ధాంతానికి చలనాన్ని ఇచ్చినవాడు క్రీ.పూ. 3వ శతాబ్దిలో చీ రాజ్యానికి చెందిన జౌ యెన్. ఒక దశ మరొకదాన్ని జయిస్తుందనీ, రాజవంశాలు కూడా అదే క్రమంలో వచ్చిపోతాయనీ ఆయన బోధించాడు. క్రీ.పూ. 221లో చైనాను ఏకం చేసిన ఛిన్ చక్రవర్తి దీన్ని రాజ్యాంగ విషయంగానే తీసుకున్నాడు. తమకు ముందున్న జౌ వంశానిది నిప్పు కాబట్టి తమది నీరన్నాడు. వస్త్రాలకు, జెండాలకు నలుపు వచ్చింది. నీటి సంఖ్య ఆరు కాబట్టి రథానికి ఆరు గుర్రాలు కట్టారు. పసుపు నదికి సైతం కొత్త పేరు పెట్టారు. తర్వాతి హాన్ వంశం క్రీ.పూ. 104లో తనది మన్ను అని ప్రకటించి పసుపు రంగుకు మారింది, ఇంకొన్నాళ్లకు నిప్పుకు మారింది. వైద్యులు చేపట్టేనాటికి ఈ సిద్ధాంతం ఇలా దర్బారులో పెరిగి పెద్దదైంది.

దీన్ని అందరూ తలవంచి ఒప్పుకోలేదన్నది ముఖ్యం. మో జీ అనే తత్వవేత్త అనుయాయులు ఏ దశకూ శాశ్వత విజయం లేదన్నారు. నిప్పు లోహాన్ని కరిగించేది నిప్పు ఎక్కువున్నప్పుడే, లోహం ఎక్కువుంటే బొగ్గే అయిపోతుందని వాళ్ల వాదం. సున్ జీ యుద్ధగ్రంథంలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. ఎవరు ఎవరిని గెలుస్తారన్నది పాళ్లను బట్టి ఉంటుందన్న ఈ అభ్యంతరం వృథా పోలేదు. వైద్యంలో అది ‘ఎదురు తిరగడం’ అనే సంబంధంగా చోటు సంపాదించుకుంది. దాని సంగతి తర్వాత చూద్దాం.

వైద్యంలోకి ప్రవేశం

చైనా వైద్యం మొదటినుంచీ ఈ అయిదింటి మీదే నడిచిందనే మాట వినిపిస్తూ ఉంటుంది. తవ్వకాలు దాన్ని సమర్థించవు. హునాన్ రాష్ట్రం ఛాంగ్‌షా నగరం దగ్గర మావాంగ్‌దుయ్‌లో క్రీ.పూ. 168లో మూసిన ఒక సమాధిని 1973లో తవ్వినప్పుడు పట్టుగుడ్డ మీద రాసిన వైద్య పాఠాలు దొరికాయి. శరీరంలో పదకొండు మార్గాలను (ప్రాణశక్తి నడిచే దారులను) అవి వర్ణిస్తాయి. చికిత్స సూదితో కాదు, వేడితో. మన వినాయక పత్రిలో వాడే మాచిపత్రి జాతికే చెందిన ఆకును ఎండబెట్టి, ముద్దచేసి, చర్మం మీదో దగ్గరలోనో కాల్చడమే అది. మార్గాలను అయిదు దశలకు ముడిపెట్టిన వ్యవస్థ అక్కడ లేదు. మార్గాలూ దశలూ వేర్వేరు ఊటల్లోంచి వచ్చి తర్వాత కలిశాయని చెప్పడానికి ఇంతకన్నా బలమైన సాక్ష్యం అక్కర్లేదు.

ఆ కలయిక స్థిరపడింది ‘హ్వాంగ్‌దీ నేజింగ్’లో. పసుపు చక్రవర్తికీ ఛీ బో అనే వైద్యుడికీ నడిచిన సంభాషణగా ఎక్కువ భాగం సాగే ఈ సంకలనంలో ‘సూవెన్’, ‘లింగ్‌షూ’ అని రెండు భాగాలు, ఒక్కోదానిలో 81 అధ్యాయాలు. ఇది ఒక్కచేతి రాత కాదు. పరస్పరం పొసగని మాటలు పక్కపక్కనే ఉంటాయి. ఇప్పుడు మనకు అందిన సూవెన్‌కు రూపమిచ్చింది క్రీ.శ. 762లో దాన్ని పరిష్కరించిన వాంగ్ బింగ్.

ఏ అవయవం ఏ దశకు చెందుతుందన్నది కూడా తగువులాడి తేల్చుకున్న విషయమే. రుతుయాగాల్లో పశువు శరీరంలోంచి ఏ అవయవాన్ని ముందు అర్పించాలో చెప్పే పాత సంప్రదాయం వసంతానికి ప్లీహాన్ని, వేసవికి ఊపిరితిత్తులను, మధ్యకాలానికి గుండెను, శరత్తుకు కాలేయాన్ని, శీతకాలానికి మూత్రపిండాలను కేటాయించింది. ఆ లెక్కన ప్లీహం కొయ్య, గుండె మన్ను, కాలేయం లోహం. వైద్యుల లెక్క వేరు. కాలేయం కొయ్య, గుండె నిప్పు, ప్లీహం మన్ను, ఊపిరితిత్తులు లోహం, మూత్రపిండాలు నీరు. మహా వ్యాఖ్యాత జెంగ్ షువాన్ (127–200) వైద్యుల పక్షం వహించాడు. వాళ్ల లెక్కతో చికిత్స చేస్తే రోగం నయమవుతోంది, తిరగేసి చేస్తే రోగి చావకపోయినా జబ్బు ముదురుతుంది అన్నది ఆయన వాదన. శాస్త్రపాఠాల మీద పట్టున్న పండితుడు రోగి మంచం దగ్గరి అనుభవాన్ని తీర్పరిగా నిలిపిన ఘట్టం ఇది. ఈ సిద్ధాంతం చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే.

రుతువులు నాలుగు, దశలు అయిదు. ఈ చిక్కును రెండు విధాలుగా విప్పారు. వేసవి చివరి ముక్కను ‘దీర్ఘ గ్రీష్మం’ అని విడదీసి మన్నుకు ఇవ్వడం ఒకటి. ప్రతి రుతువు చివర 18 రోజులు మన్నువి అనడం రెండోది. 18ని నాలుగుతో గుణిస్తే 72. అప్పుడు ఏడాదిలో ఒక్కో దశకూ 72 రోజులు సరిసమానంగా వస్తాయి. ఈ రెండో లెక్కలో లోతైన వైద్యభావం ఉంది. ప్లీహమూ జీర్ణాశయమూ ఏ ఒక్క కాలానికీ కట్టుబడకుండా ఏడాది పొడవునా మిగతా అవయవాలను పోషిస్తాయని.

శరీరంలో అయిదు

కొయ్యకు కాలేయం, పిత్తాశయం, కళ్లు, స్నాయువులు, కోపం, కేక, పచ్చదనం, గాలి, తూర్పు, వసంతం. నిప్పుకు గుండె, చిన్నపేగు, నాలుక, రక్తనాళాలు, సంతోషం, నవ్వు, ఎరుపు, వేడి, దక్షిణం. మన్నుకు ప్లీహం, జీర్ణాశయం, నోరు, కండ, ఆలోచన, పాట, పసుపు, తేమ, నడిమధ్య. లోహానికి ఊపిరితిత్తులు, పెద్దపేగు, ముక్కు, చర్మం, రోమాలు, దుఃఖం, ఏడుపు, తెలుపు, పొడి, పడమర. నీటికి మూత్రపిండాలు, మూత్రాశయం, చెవులు, ఎముకలు, భయం, మూలుగు, నలుపు, చలి, ఉత్తరం. కొన్ని జతలు పరిశీలనలోంచి పుట్టాయి. శరత్తులో గాలి పొడిబారి దగ్గు రేగడం, జీర్ణం చెడినవారి ముఖం పసుపుదేరడం వైద్యుడు చూసేవే. కొన్నింటిని మాత్రం పట్టికలో గళ్లు నింపడానికే చేర్చినట్టు ఉంటుంది. చదివేవాళ్లు ఈ రెండు రకాలనూ వేరుచేసి చూడాలి.

మార్గాలు పన్నెండుగా స్థిరపడ్డాక ఇంకో సర్దుబాటు తప్పలేదు. గుండెను కప్పి ఉండే పొర, ‘మూడు కుంపట్లు’ అనే విధివ్యవస్థ కూడా నిప్పుకే చేరాయి. అందుకే నిప్పు ఒక్కదానికే రెండు జతల అవయవాలు. మొదటి జత రాజు నిప్పు, రెండోది మంత్రి నిప్పు.

పుట్టించడం, అదుపు చేయడం, అతిక్రమించడం, ఎదురు తిరగడం

దశల మధ్య ముఖ్యమైన సంబంధాలు రెండు. పుట్టించే చక్రం ‘షెంగ్’. కొయ్య మండి నిప్పవుతుంది, నిప్పు బూడిదై మన్నవుతుంది, మన్నులోంచి లోహం వస్తుంది, లోహం నుంచి నీరు, నీటితో కొయ్య. పుట్టించేది తల్లి, పుట్టేది బిడ్డ. అదుపు చక్రం ‘క’. కొయ్య వేళ్లతో మన్నును చీలుస్తుంది, మన్ను గట్టువేసి నీటిని ఆపుతుంది, నీరు నిప్పును ఆర్పుతుంది, నిప్పు లోహాన్ని కరిగిస్తుంది, లోహం కొయ్యను నరుకుతుంది. ఆరోగ్యానికి రెండూ కావాలి. అదుపు అంటే ఇక్కడ శత్రుత్వం కాదు. అది లేకపోతే పెరుగుదల హద్దు మీరుతుంది.

అదుపు మితిమీరితే అది ‘ఛెంగ్’, అతిక్రమణ. కోపతాపాలతో కాలేయం పొంగి ప్లీహాన్ని, జీర్ణాశయాన్ని నొక్కేయడం దీనికి పాఠ్యగ్రంథాల ఉదాహరణ. గొడవపడ్డ రోజు అన్నం సహించకపోవడం, కడుపులో నొప్పి, విరేచనాలు అన్నీ ఈ ఖాతాలోకే వస్తాయి. అదుపులో ఉండవలసింది బలిసి తిరగబడితే అది ‘వు’. మో జీ అనుయాయులు చెప్పిన లోహం–బొగ్గు లెక్క ఇదే. కాలేయపు నిప్పు ఎగసి ఊపిరితిత్తులను కాల్చి, పొడిదగ్గు, ఒక్కోసారి నెత్తురు తెప్పించడాన్ని ఇలా వివరిస్తారు.

దీంట్లోంచి వచ్చిన వైద్యసూత్రాల్లో గొప్పది ముందుచూపు. కాలేయానికి జబ్బు కనిపించగానే అది ప్లీహానికి పాకుతుందని ఊహించి ముందే ప్లీహాన్ని బలపరచేవాడు ఉత్తమ వైద్యుడనీ, కనిపించిన జబ్బునే పట్టుకుని కూర్చునేవాడు మధ్యముడనీ ‘నాన్‌జింగ్’ అనే వైద్యగ్రంథంలోని 77వ ప్రశ్న చెబుతుంది.

సూదిమొన దగ్గర

ఆక్యుపంక్చర్‌లో అయిదు దశలు నిజంగా పనిముట్టుగా మారింది ఈ నాన్‌జింగ్‌తోనే. క్రీ.శ. 1, 2 శతాబ్దుల నాటిదని భావించే ఈ గ్రంథంలో 81 చిక్కుప్రశ్నలు, జవాబులు ఉన్నాయి. మోచేతి నుంచి వేళ్లదాకా, మోకాలి నుంచి కాలివేళ్లదాకా మార్గాల మీద అయిదేసి ప్రత్యేక బిందువులను లింగ్‌షూ అప్పటికే గుర్తించింది. వేలిగోరు దగ్గర బావి, తర్వాత ఊట, వాగు, నది, చివర మోచేతి లేదా మోకాలి దగ్గర సంగమం. పైకి వచ్చేకొద్దీ ప్రవాహం వెడల్పవుతుందని ఈ పేర్ల భావం. పన్నెండు మార్గాలకూ కలిపి ఇవి 60.

నాన్‌జింగ్ 64వ ప్రశ్న వీటన్నిటికీ దశలు కేటాయించింది. యిన్ మార్గాల్లో బావి కొయ్యతో మొదలై నిప్పు, మన్ను, లోహం, నీరుగా సాగుతుంది. యాంగ్ మార్గాల్లో బావి లోహంతో మొదలవుతుంది. జతగా ఉన్న రెండు మార్గాల్లో ఒకే స్థానంలోని బిందువులు దృఢం–మృదువు అనే జంటలు కావాలన్నది అక్కడి వివరణ. దీంతో ప్రతి మార్గంలోనూ అయిదు దశలు చిన్నరూపంలో నెలకొన్నాయి. వైద్యుడికి లోపలి అవయవాల మీద బయటి నుంచి మీటలు దొరికాయి.

ఆ మీటలు ఎలా వాడాలో 69వ ప్రశ్న ఒక్క వాక్యంలో తేల్చింది. బలహీనంగా ఉంటే తల్లిని బలపరచు, ఎక్కువైతే బిడ్డను తగ్గించు. ఊపిరితిత్తుల మార్గాన్ని తీసుకుందాం. బొటనవేలి గోరు మూల షావ్‌షాంగ్ కొయ్య, అరచేతి కండ మీది యూజి నిప్పు, మణికట్టు మడత దగ్గరి తాయ్‌యువెన్ మన్ను, దానికి కాస్త పైన జింగ్‌ఛ్యూ లోహం, మోచేతి మడతలోని ఛిజె నీరు. ఊపిరితిత్తులు లోహం. తల్లి మన్ను, బిడ్డ నీరు. కాబట్టి గొంతు పీలగా, కొద్దిగా నడిచినా ఆయాసపడే బలహీనుడికి తాయ్‌యువెన్‌ను బలపరుస్తారు. వేడితో చిక్కటి కఫం కక్కుతూ దగ్గేవాడికి ఛిజెను తగ్గిస్తారు. తల్లి మార్గం మీదకే వెళ్లాలనుకుంటే జీర్ణాశయపు మన్ను బిందువు జూసాన్‌లీ ఉంది. మోకాలి కింద ఉండే ఈ బిందువు ఆక్యుపంక్చర్ మొత్తంలో బాగా వాడేవాటిలో ఒకటి.

75వ ప్రశ్న ఈ సూత్రానికి మినహాయింపు. కొయ్య ఎక్కువై లోహం బలహీనపడితే దక్షిణాన్ని తగ్గించి ఉత్తరాన్ని బలపరచమంటుంది. అంటే నిప్పును తగ్గించి నీటిని పెంచమని. లోహం బలహీనమైతే దాని తల్లి మన్నును కదా బలపరచాలి అని వ్యాఖ్యాతలు వందల ఏళ్లు వాదించుకున్నారు. నీరు పెరిగితే నిప్పు తగ్గుతుంది, నిప్పు తగ్గితే లోహం మీద ఒత్తిడి పోతుంది అన్న జవాబు నేర్పుగా ఉన్నా, ఒకే సమస్యకు సిద్ధాంతం రెండు దారులు చూపగలదన్నది స్పష్టం. ఏ దారి పట్టాలో రోగి నాడి చూసి వైద్యుడే నిర్ణయించుకోవాలి.

మందులూ మనసూ

సోంగ్ కాలపు పిల్లల వైద్యుడు ఛియెన్ యీ తన యోగాలకు పెట్టిన పేర్లలోనే అయిదు దశలు ఉన్నాయి. కాలేయానికి ‘పచ్చను తగ్గించే మాత్ర’, గుండెకు ‘ఎరుపును దారి మళ్లించే చూర్ణం’, ప్లీహానికి ‘పసుపును తగ్గించే చూర్ణం’, ఊపిరితిత్తులకు ‘తెలుపును తగ్గించే చూర్ణం’. నలుపును తగ్గించే మందు మాత్రం ఆయన ఇవ్వలేదు. పిల్లల్లో మూత్రపిండాలకు క్షీణతే తప్ప ఆధిక్యం ఉండదని ఆయన అభిప్రాయం. అందుకే అక్కడ తగ్గించే మందు బదులు, ఈనాటికీ విరివిగా అమ్ముడయ్యే ‘ల్యూవే దీహ్వాంగ్’ మాత్ర వచ్చింది. పట్టికలో గడి ఖాళీగా ఉన్నా సరే, అనుభవం చెప్పనిది రాయనన్న నిజాయితీ అది.

మన్నుకు పెద్దపీట వేసిన లీ గావ్ (1180–1251) జబ్బులకు మూలం ప్లీహ–జీర్ణాశయాల నీరసంలో ఉందన్నాడు. ‘మన్నును పోషించి లోహాన్ని పుట్టించడం’, అంటే జీర్ణశక్తి పెంచి దీర్ఘకాలపు ఊపిరితిత్తుల నీరసాన్ని తగ్గించడం వంటి చికిత్సామార్గాలు వైద్యుల నోట నిత్యవ్యవహారమయ్యాయి.

అదుపు చక్రం మనసుకూ వర్తిస్తుంది. దుఃఖం కోపాన్ని, భయం సంతోషాన్ని, కోపం ఆలోచనను, సంతోషం దుఃఖాన్ని, ఆలోచన భయాన్ని జయిస్తాయని సూవెన్ చెబుతుంది. దీన్ని సాహసంతో ఆచరించినవాడు జాంగ్ జీహ (1156–1228). అతిగా ఆలోచించి రెండేళ్లుగా నిద్రకు దూరమైన ఒక సంపన్న స్త్రీని ఆయన దగ్గరకు తెచ్చారు. నాడి చూసి, ఆలోచన ప్లీహాన్ని కట్టేసిందని గ్రహించి, భర్తతో మాట్లాడుకుని ఆమెకు కోపం తెప్పించాలని నిశ్చయించాడు. బోలెడు డబ్బు పుచ్చుకుని, కొన్నాళ్లు వాళ్లింట్లోనే మద్యం తాగి, మందు రాయకుండా వెళ్లిపోయాడు. ఆమె మండిపడింది, చెమటలు పట్టాయి, ఆ రాత్రి నిద్రపోయింది. కోపం కొయ్య, ఆలోచన మన్ను. సిద్ధాంతం పక్కనపెట్టి చూసినా, మనోవేదన శరీరాన్ని పట్టి పీడిస్తుందని తెలిసి దానికి మనసు దారినే చికిత్స వెతికిన వైద్యుడు ఇందులో కనిపిస్తాడు.

చైనా బయట

కొరియాలో 17వ శతాబ్దికి చెందినవాడని చెప్పే సాఆమ్ అనే బౌద్ధభిక్షువు పేరిట నాలుగు సూదుల పద్ధతి ప్రచారంలో ఉంది. నాన్‌జింగ్ తల్లి–బిడ్డ సూత్రానికి ఇది అదుపు చక్రాన్ని జోడిస్తుంది. ఊపిరితిత్తుల బలహీనతకు ప్లీహమార్గంలోనూ ఊపిరితిత్తుల మార్గంలోనూ ఉన్న మన్ను బిందువులను బలపరచి, లోహాన్ని కరిగించే నిప్పును గుండెమార్గంలోనూ ఊపిరితిత్తుల మార్గంలోనూ తగ్గిస్తారు. సిద్ధాంతాన్ని ఇంత పొందికగా చికిత్సగా మలచిన పద్ధతి మరొకటి అరుదు. జపాన్‌లో 1930ల చివరి నుంచి యనగియా సోరేయ్ చుట్టూ చేరిన వైద్యులు నాన్‌జింగ్ 69వ ప్రశ్నను కేంద్రం చేసుకుని ‘కేయిరకు చిర్యో’ అనే నాడి ఆధారిత చికిత్సను నిర్మించారు. ఇంగ్లండ్‌లో జె. ఆర్. వర్స్లీ (1923–2003) బోధించిన పద్ధతిలో ప్రతి మనిషికీ జన్మతః గానీ చిన్ననాడే గానీ బలహీనపడిన దశ ఒకటి ఉంటుంది. ముఖఛాయ, గొంతు, ఒంటివాసన, మనోభావం చూసి దాన్ని పట్టుకుంటారు. ముడిసరుకు సూవెన్‌దే అయినా, ఒకే దశను జీవితాంతపు మూలకారణంగా చూడడం ఇరవయ్యో శతాబ్దపు కూర్పు.

తగవు

చైనాలోనే దీన్ని తీవ్రంగా తిరస్కరించినవాళ్లున్నారు. 1923లో ల్యాంగ్ ఛీచావ్ అనే ప్రముఖ ఆలోచనాపరుడు యిన్–యాంగ్, అయిదు దశల సిద్ధాంతాన్ని రెండు వేల ఏళ్ల మూఢనమ్మకాలకు స్థావరంగా వర్ణించాడు. జపాన్‌లో ఆధునిక వైద్యం చదివొచ్చిన యూ యెన్ నేజింగ్ అవయవ వర్ణనలను శరీరనిర్మాణశాస్త్రంతో పోల్చి ఖండించాడు. 1929లో సంప్రదాయ వైద్యాన్ని రద్దు చేయాలన్న ప్రతిపాదనకూ ఆయనే కర్త. సంప్రదాయ వైద్యులు దేశవ్యాప్తంగా ఎదిరించడంతో అది అమలుకాలేదు. అంతకుముందే 1922లో యున్ త్యేఛ్యావ్ అనే వైద్యుడు ఒక ఆలోచింపజేసే సమాధానం ఇచ్చాడు. నేజింగ్ చెప్పే అయిదు అవయవాలు రక్తమాంసాల అవయవాలు కావు, నాలుగు రుతువుల అవయవాలు అని. ప్లీహాన్ని శస్త్రచికిత్సతో తీసేసినా మనిషి అన్నం అరిగించుకోగలడన్న అభ్యంతరం అప్పుడు వర్తించదు. కానీ ఆ సమాధానానికి మూల్యముంది. అవయవం శరీరంలో లేకపోతే దాని గురించి చెప్పిన మాట తప్పో ఒప్పో తేల్చే పరీక్ష కూడా కష్టమవుతుంది.

1956లో బీజింగ్, షాంఘాయ్, గ్వాంగ్‌జౌ, ఛెంగ్‌దూలలో ప్రభుత్వ కళాశాలలు తెరిచాక లక్షణ సముదాయాన్ని బట్టి చికిత్స చేసే పద్ధతి పాఠ్యక్రమానికి వెన్నెముకైంది. అయిదు దశలు మొదటి ఏడాది పాఠంగా మిగిలాయి. విదేశాల్లో వీటికే అంకితమైన శాఖలు పుట్టుకొస్తుండగా స్వదేశంలో అవి నేపథ్యంలోకి జరిగాయి.

ప్రయోగ ఫలితాలు సిద్ధాంతానికి అండగా లేవు. జర్మనీలో 1,162 మంది దీర్ఘకాల నడుంనొప్పి రోగులపై జరిగి 2007లో ప్రచురితమైన అధ్యయనంలో అసలు ఆక్యుపంక్చర్ పొందినవారిలో 47.6 శాతం, బిందువులు కానిచోట పైపైన సూదులు గుచ్చినవారిలో 44.2 శాతం, మామూలు వైద్యం పొందినవారిలో 27.4 శాతం మెరుగయ్యారు. సూదిచికిత్స పొందడం వల్ల మేలు కనిపించింది. సూది ఏ బిందువులో దిగిందన్నది పెద్ద తేడా తేలేదు. ఈ అధ్యయనం అయిదు దశలను నేరుగా పరీక్షించలేదు. అయినా బిందువు ఎంపిక మీదే నిలబడ్డ ఏ సిద్ధాంతమైనా దీనికి జవాబు చెప్పుకోవలసిందే. క్యాన్సర్, గుండెపోటు, మూత్రపిండాల వైఫల్యం వంటి జబ్బుల్లో రంగు, రుచుల పట్టిక చూసి ఆసుపత్రి వైద్యాన్ని వాయిదా వేయడం ప్రాణాంతకం. అలా చేసేవాళ్లున్నారు కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పాలి. మరోవైపు చరిత్రగా, వారసత్వంగా దీని స్థానం పదిలం. ఆక్యుపంక్చర్‌ను 2010లో యునెస్కో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. మరుసటి ఏడాది హ్వాంగ్‌దీ నేజింగ్ ప్రపంచ స్మృతి జాబితాకెక్కింది.

భారతదేశంలో

1938లో చైనాకు వెళ్లిన భారత వైద్యబృందంలో డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్‌తో పాటు డాక్టర్ బిజయ్ కుమార్ బసు ఉన్నారు. బసు 1950ల చివర మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని కలకత్తాలో ప్రారంభించారు. 2019లో కేంద్ర ప్రభుత్వం దీన్ని స్వతంత్ర చికిత్సా విధానంగా గుర్తించింది.

మన దేశంలో దీన్ని బోధించే కొందరు లోహాన్ని వాయువుగా, కొయ్యను ఆకాశంగా మార్చి పంచభూతాలతో కలిపేస్తారు. ఊపిరితిత్తులు వాయువు అంటే విద్యార్థికి సులువుగా ఎక్కుతుంది. బిందువులు మారవు, తల్లి–బిడ్డ లెక్కా మారదు. పోయేది ఆ లెక్కకు ఉన్న కారణం. లోహం కొయ్యను నరుకుతుందంటే పసిపిల్లాడికైనా అర్థమవుతుంది. వాయువు ఆకాశాన్ని ఎలా అదుపు చేస్తుందో అడిగితే బట్టీపట్టిన పట్టిక తప్ప చూపించడానికి ఏమీ ఉండదు. ఆయుర్వేదంలో పంచభూతాలు వాతపిత్తకఫాలుగా కూడి పనిచేస్తాయి, ఒకదాన్ని ఒకటి కనే చక్రంగా కాదు. రెండింటినీ వేర్వేరుగా నేర్చుకున్న విద్యార్థికి రెండూ బాగా వస్తాయి.